చిల్లర స్వాతంత్ర్యం

అమెరికా ప్రయాణమంటే మన ఇళ్ళల్లో నెల ముందునుంచే హడావిడి. ఆవకాయ ఎన్ని కవర్లలో చుట్టాలి, కరివేపాకు పొడి రానిస్తారా లేదా, పెట్టె బరువు దాటితే ఏది తీసేయాలి, మోకాళ్ళ నొప్పుల మాత్రలకి డాక్టరు చీటీ ఉండాలా అని ఇల్లంతా చర్చే. ఇరుగుపొరుగు వాళ్ళు కూడా వచ్చి ఒక్కొక్క సలహా పడేసి పోతారు. ఇన్ని ప్రశ్నల మధ్య ఎవరికీ తట్టని ప్రశ్న ఒకటుంది. అక్కడికి వెళ్ళాక అమ్మ చేతిలో డబ్బు మాటేమిటి? ఎవరైనా అడిగినా జవాబు నాలుక చివరే ఉంటుంది.

"అక్కడ పిల్లలున్నారుగా!"

వినడానికి ఎంత బాగుందో చూడండి ఈ మాట. పెంచి పెద్దచేసిన బిడ్డలు చూసుకోరా, వాళ్ళ దగ్గర లెక్కలేమిటి, వాళ్ళింట్లో పర్సు తియ్యడమే పాపం. ఇంతకన్నా తల్లికి కావలసిందేముంది? నా సందేహమల్లా ఒక్కటే. ఇదే ప్రయాణం నాన్న చేస్తే ఆయన జేబులో కార్డు, మడతపెట్టిన వంద డాలర్ల నోట్లు రెండు, లోపలి జేబులో మరొకటి ఉంటాయి. అప్పుడు "పిల్లలున్నారుగా" అని ఎవరూ అనరు. పిల్లలు ఇద్దరికీ పిల్లలే కదా మరి!

మా వైపు వాళ్ళకి పరదేశపు డబ్బు కొత్తేమీ కాదు. త్రిపురారం, మిర్యాలగూడ, కోదాడ, ఈ ఊళ్ళన్నీ నిజాం ఏలుబడిలో ఉన్న రోజుల్లో హైదరాబాదుకి సొంత రూపాయి ఉండేది. దాన్ని హాలీ సిక్కా అనేవాళ్ళు. ఇంగ్లీషువాళ్ళ రూపాయి పేరు కల్దారు. వాడపల్లి రేవులో పడవెక్కి కృష్ణ దాటితే అవతల పొందుగల, గుంటూరు జిల్లా. నీళ్ళు అవే, భాష అదే, వియ్యాలవారు ఈ ఒడ్డునా ఉన్నారు, ఆ ఒడ్డునా ఉన్నారు. రూపాయి మాత్రం వేరు. ఇటు కోదాడ దాటి జగ్గయ్యపేట వెళ్ళినా అంతే. సరిహద్దులో కరోడ్‌గిరి నాకా, అంటే నిజాంగారి సుంకం చౌకీ. దాదాపు ఏడు హాలీలిస్తే ఆరు కల్దార్లు వచ్చేవి. మారకం పెట్టేవాడు మధ్యలో తన వాటా తీసుకునేవాడు. ఈనాటి బ్యాంకులు దాన్నే మార్కప్ అంటున్నాయి. పేరు మారింది గాని వాడి వాటా వాడు మానుకోలేదు.

మా అమ్మమ్మ తరం ఆడవాళ్ళు బడి ముఖం చూడకపోయినా ఏడుకి ఆరు లెక్క నోటికి చెప్పేవాళ్ళు. అవతలి ఒడ్డున పుట్టిల్లున్న కోడలికి అది రాకపోతే ఎలా? పండక్కి పుట్టింటికి పోతూ కొంగున కల్దార్లు ముడేసుకునేది. ఆ ముడిలో ఎంతుందో ఆవిడకి తప్ప ఇంకొకరికి తెలియదు. భర్తకి తెలియదు, అత్తకి అసలే తెలియదు. తెలియకపోవడం తప్పని ఎవరూ అనుకున్నట్టు లేదు. కొంగుముడి సంగతి మగవాళ్ళు అడిగేవాళ్ళు కారు. అదొక మర్యాద.

అన్నట్టు మనం గుళ్ళో డబ్బులు వేసే హుండీకీ, పాతకాలం షావుకార్ల హుండీకీ పేరొక్కటే. కాశీ ప్రయాణం పెట్టుకున్నవాళ్ళు దారిలో దొంగల భయానికి రొక్కం మోసుకుపోకుండా ఇక్కడి షావుకారికి కట్టి, ఒక కాగితం రాయించుకుని, అక్కడ అతని మనిషి దగ్గర సొమ్ము పుచ్చుకునేవాళ్ళు. ఆ కాగితం హుండీ. ఇప్పటి ప్లాస్టిక్ కార్డు దానికి మునిమనవరాలు అనుకోవచ్చు. ఈ రెండు హుండీల సంగతీ ముందు ముందు పనికొస్తుంది కాబట్టి చెప్పాను.

హాలీ సిక్కా చెల్లుబాటు 1950ల్లో ముగిసిపోయింది. దేశమంతా ఒక్కటే రూపాయి అయింది. కాని సముద్రం దాటాలంటే మాత్రం ఆ రూపాయి కాళ్ళకి సంకెళ్ళుండేవి. 1960లు, 70ల్లో పై చదువులకి అమెరికా వెళ్ళిన తెలుగు కుర్రాళ్ళు "ఎనిమిది డాలర్లతో దిగాం" అని ఇప్పటికీ మనవలకి కథలుగా చెబుతారు. 1966లో రూపాయి విలువ తగ్గించాక డాలరుకి ఏడున్నర రూపాయలు. అంటే ఆ కుర్రాడి జేబులో ఉన్నది అరవై రూపాయల విలువ. 1973లో ఫెరా చట్టం వచ్చి ఆ కట్టుబాటు మరింత బిగిసింది. 1999లో చేసిన ఫెమా చట్టం 2000లో ఫెరా స్థానంలో అమల్లోకి వచ్చింది. 2004లో ఏడాదికి 25,000 డాలర్లదాకా విదేశానికి పంపుకోవచ్చు, ఖర్చు పెట్టుకోవచ్చు అన్నారు. 2015 నుంచి ఆ పరిమితి 2,50,000 డాలర్లు. డెబిట్ కార్డు పెట్టి పరాయి దేశంలో తీసే డబ్బు కూడా ఈ లెక్కలోకే వస్తుంది. ఇంతకీ చెప్పొచ్చేదేమిటంటే, సర్కారు ఫెరాని ఎత్తేసి పాతికేళ్ళు దాటింది. ఇళ్ళల్లో ఫెరా మాత్రం ఇంకా అమల్లోనే ఉంది.

మా చిన్నమ్మ సంగతి చెబితే మీకు అర్థమవుతుంది. ఆవిడది త్రిపురారం దగ్గర పల్లె. నాగార్జునసాగర్ నీళ్ళు 1967లో వదిలాక ఆ మెట్టలన్నీ మాగాణులయ్యాయి. ఎడమ కాలువ కింద రెండెకరాలు ఆవిడకి పుట్టింటివాళ్ళు పసుపుకుంకుమల కింద ఇచ్చారు. కాగితం మీద ఆవిడ పేరే. దున్నించిందీ కోయించిందీ చిన్నాన్న, వడ్లు మిర్యాలగూడ మిల్లుకి తోలించిందీ చిన్నాన్నే. వచ్చిన డబ్బు ఆయన చేతిలోకే పోయేది. ఆవిడకి అదేమీ అన్యాయంగా తోచలేదు. 2018లో రైతుబంధు మొదలైంది. పట్టాదారు పాసుపుస్తకంలో ఎవరి పేరుంటే వాళ్ళకే. మొదటి విడత ఎకరానికి 4,000 రూపాయల చొప్పున చెక్కు ఇచ్చారు. మా చిన్నమ్మ జీవితంలో తన పేరు అచ్చులో ఉన్న చెక్కు చూడటం అదే మొదలు. ఆ తర్వాత విడతలు ఖాతాలో పడుతూ వచ్చాయి. చిన్నాన్న పోయాక కౌలు డబ్బు కూడా ఆ ఖాతాలోకే వచ్చేది.

ఖాతా ఆవిడది. కార్డు మీద పేరు ఆవిడది. కార్డు ఉండేది మాత్రం హైదరాబాదులో కొడుకు పర్సులో. పిన్ నంబరు కొడుకు బుర్రలో. బ్యాంకువాళ్ళు పంపే సందేశాలు కొడుకు ఫోనులో. ఆ అబ్బాయిని మీరు దుర్మార్గుడనుకోకండి. తల్లి డబ్బు పైసా ముట్టుకోలేదు, ముట్టుకునే అవసరమూ లేదు. ఫోనుల్లో ఓటీపీలు అడిగి ఖాతాలు ఊడ్చేస్తున్న రోజులు, అమ్మకి అవేం తెలుస్తాయని భద్రంగా పెట్టాడు, అంతే. ప్రేమతో పెట్టిన తాళమది. ప్రేమతో పెట్టిన తాళం ఇనుప తాళంకన్నా గట్టిది. పగలగొట్టబోతే ముందు మనకే మనసు ఒప్పదు.

కూతురు హూస్టన్‌లో ఉంటుంది. దానికి రెండో కాన్పు. పథ్యం పెట్టడానికి చిన్నమ్మ ఆరు నెలలకి ప్రయాణమైంది. వీసా వచ్చింది, టిక్కెట్టు వచ్చింది. అప్పుడు ఆవిడ కొడుకుని అడిగింది, "నా కార్డు నాకియ్యి బిడ్డా, ఆడ పనికొస్తదా?" అని.

ఇల్లంతా నిశ్శబ్దం! కొడుకు ముఖం చిన్నబోయింది. హూస్టన్‌కి వార్త వెళ్ళింది. కూతురు ఫోనులో ఏడ్చినంత పని చేసింది. "నేను చూసుకోనా అమ్మా? నీకేం కావాలన్నా కొనివ్వనా? అల్లుడు ఏమనుకుంటాడు?" అంది. కోడలు మాత్రం ఏమీ అనలేదు. నాకు ఫోను చేసి, "అడగనియ్యండి వదినా, మంచిదే" అంది మెల్లిగా.

నేను చిన్నమ్మ దగ్గరికి వెళ్ళి కూర్చున్నాను. ఎందుకు కావాలి చిన్నమ్మా, అనడిగాను. ఆవిడ చాలాసేపు చెప్పలేదు. చివరికి చెప్పింది. మొదటి కాన్పులో కూతురికి కష్టమైంది. అప్పుడు చిన్నమ్మ వెళ్ళలేకపోయింది. ఈసారి తల్లీ బిడ్డా సుఖంగా బయటపడితే మీనాక్షమ్మకి నూట పదహార్లు వేస్తానని మొక్కుకుంది. వాడపల్లిలో కృష్ణా మూసీ కలిసే చోట అగస్త్యేశ్వరుడి గుళ్ళో ఉన్న మీనాక్షమ్మ మా వైపు అందరికీ ఇంటి దేవత లాంటిది. హూస్టన్ పక్కనే పేర్లాండ్‌లో మీనాక్షి దేవాలయం ఉందని కూతురు ఎప్పుడో ఫొటోలు పంపింది. కాన్పు అక్కడ, మొక్కు ఇక్కడ చెల్లిస్తే ఎలా అని ఆవిడ ఆలోచన. నూట పదహారు డాలర్లు.

"అంతేనా! అల్లుడు ఇవ్వడూ?" అన్నాను.

"ఇస్తడు. ఆయన పైసలు ఏస్తే మొక్కు ఆయనది తీరుతది గాని నాదెట్ల తీరుతది బిడ్డా?" అంది.

నేను అప్పటినుంచి ఈ మాట పట్టుకుని తిరుగుతున్నాను. శాస్త్రాలు చదివినవాళ్ళని అడిగితే ఏం చెబుతారో గాని, మన ఆడవాళ్ళందరికీ ఇది తెలిసిన ధర్మమే. తాంబూలం, దానం, మొక్కు ఇవి అప్పు తెచ్చి చెయ్యరు, ఒకరి దగ్గర అడిగి చెయ్యరు. ఇవ్వాలంటే ముందు ఆ వస్తువు మనది అయ్యుండాలి. అంటే డబ్బు కొనుక్కోవడానికే కాదు, ఇవ్వడానికి కూడా కావాలి. మనకి కావలసింది ఇంకొకరు కొనిపెడితే సరిపోతుంది. మనం ఇవ్వవలసింది ఇంకొకరు ఇచ్చిపెడితే సరిపోదు. చేతిలో డబ్బు లేని మనిషికి లోటు వచ్చేది తిండికీ బట్టకీ కాదు, ఇచ్చే హక్కుకి. "నీకేం కావాలన్నా కొనిస్తాం" అనే పిల్లలు ఈ సంగతి చూడరు. వాళ్ళ కంటికి తల్లి ఎప్పుడూ పుచ్చుకునే మనిషి. జీవితమంతా పెట్టిన చెయ్యి అది. అరవై దాటాక ఒక్కసారిగా పుచ్చుకోమంటే ఎలా ఒదుగుతుంది?

సరే, కొడుకు ఒప్పుకున్నాడు. అక్కడితో అయిందనుకున్నారా? ఆ కార్డు ఈ దేశంలో తప్ప పనిచెయ్యని రకం. విదేశంలో పనిచేసే కార్డు వేరే అడగాలి. అది వచ్చినా వెంటనే పనిచెయ్యదు. రిజర్వు బ్యాంకు 2020 అక్టోబరు నుంచి అమల్లోకి తెచ్చిన నిబంధన ప్రకారం కొత్త కార్డుకి విదేశీ వాడకం మూసే ఉంటుంది. ఖాతాదారే దాన్ని తెరిపించుకోవాలి, ఎంతవరకు తియ్యవచ్చో పరిమితి పెట్టుకోవాలి. ఇది మంచి నిబంధనే. మీ కార్డు నంబరు ఎవడో కొట్టేసి ఏ దేశంలోనో వాడకుండా కాపాడుతుంది. కాని తెరిచే మీట బ్యాంకు యాప్‌లో ఉంది. యాప్ ఖాతాకి ఇచ్చిన ఫోను నంబరు మీదే నడుస్తుంది. ఆ నంబరు కొడుకుది! కాబట్టి ముందు నంబరు మార్చమని అర్జీ. ఆధారు కాగితం, పాసుపుస్తకం, సంతకం. చిన్నమ్మ వేలిముద్ర వేసే మనిషి కాదు, కూడబలుక్కుని తెలుగులో సంతకం పెడుతుంది. నాలుగేళ్ళ కిందటి సంతకంలో ఒక కొమ్ము ఎక్కువుందని వెనక్కి పంపారు. మళ్ళీ వెళ్ళాం. మూడోసారికి పనయింది. తన ఖాతాకి తన ఫోను నంబరు ఎక్కించుకోవడానికి ఒక మనిషి మూడుసార్లు బస్సెక్కింది. దానిమీద ఎవరైనా నవల రాయాలి.

పిన్ నంబరు దగ్గర ఇంకో తమాషా. "నాలుగంకెలు అమ్మకి గుర్తుంటాయా?" అని కొడుకు సందేహం. ఇక్కడ మీకో కథ చెప్పాలి. డబ్బులిచ్చే యంత్రం మొట్టమొదట 1967 జూన్ 27న లండన్ శివారు ఎన్‌ఫీల్డ్‌లో బార్‌క్లేస్ బ్యాంకు గోడలో వెలిసింది. దాన్ని రూపొందించిన జాన్ షెపర్డ్ బారన్ మన షిల్లాంగులో పుట్టినవాడు. ఒక శనివారం బ్యాంకు మూసేశాక వెళ్ళి డబ్బు దొరక్క వెనక్కి వచ్చాడు. అప్పుడే స్నానం చేస్తుండగా ఆ ఆలోచన తట్టిందట. రహస్య సంఖ్య ఆరంకెలుండాలని ముందు అనుకున్నాడు, సైన్యంలో తన నంబరు అంత ఉండేది గనక. వంటింటి బల్ల దగ్గర భార్య కెరొలిన్‌తో ఈ సంగతి మాట్లాడితే, ఆవిడ నాకు నాలుగంకెలకి మించి గుర్తుండవు అంది. అంతే, నాలుగంకెలే ఖాయమయ్యాయి. ఇది ఆయన తానే చెప్పుకున్న కథ. పిన్ కనిపెట్టిన ఘనత జేమ్స్ గుడ్‌ఫెలో అనే స్కాట్లాండు ఇంజనీరుదని, ఆయన 1966లోనే పేటెంటు తీసుకున్నాడని వాదించేవాళ్ళూ ఉన్నారు. అది వాళ్ళూ వాళ్ళూ తేల్చుకుంటారు. నాకు ముచ్చటగా తోచేదేమిటంటే, ప్రపంచంలో చాలా చోట్ల కోట్లమంది మగవాళ్ళు ఈనాటికీ ఒక ఇల్లాలి జ్ఞాపకశక్తి కొలతకి కుట్టిన సంఖ్యనే వాడుతున్నారు. మన దగ్గర మాత్రం ఆ సంఖ్య ఇల్లాలికి గుర్తుండదని చెప్పి పర్సులో దాచుకుంటున్నారు!

మా చిన్నమ్మకి గుర్తుందా అంటారా? ఏడాదికొకసారి కోసే రెండెకరాల లెక్క, ఎవరి పెళ్ళికి ఎంత చదివింపు పెట్టారో నలభై ఏళ్ళ జాబితా, ఏ పాలవాడికి ఎన్నాళ్ళ బాకీ, ఇవన్నీ బుర్రలో పెట్టుకున్న మనిషికి నాలుగంకెలు ఓ లెక్కా? ఏ నాలుగంకెలు పెట్టిందో నాకు చెప్పలేదు. నేను అడగలేదు.

ఇక్కడే అసలు చిక్కు ప్రశ్న. కట్టుకున్నవాడికీ కన్నబిడ్డలకీ తెలియని రహస్యం ఒకటి ఉంచుకోవడం ప్రేమకి లోటా? "మా ఇద్దరి మధ్య దాపరికాలు లేవు" అని గర్వంగా చెప్పుకునే దంపతులని చూశాను. వాకబు చేస్తే ఆవిడ పిన్ ఆయనకి తెలుసు. ఆయన పిన్ ఆవిడకి తెలియదు, అడిగే అవసరం రాలేదంటుంది. దాపరికం లేకపోవడం కూడా ఒకవైపు వాలే తక్కెడే అన్నమాట.

చట్టం ఈ విషయంలో ప్రేమనీ పెళ్ళినీ లెక్కచెయ్యదు. 2013లో బెంగుళూరులో ప్రసూతి సెలవు మీద ఇంట్లో ఉన్న ఒకావిడ తన కార్డు, పిన్ భర్తకిచ్చి 25,000 రూపాయలు తెమ్మని పంపింది. యంత్రం రసీదు ఇచ్చింది, డబ్బు ఇవ్వలేదు. ఖాతాలో మాత్రం తగ్గింది. తలుపు దగ్గర కెమెరాలో చూస్తే యంత్రం ముందున్నది ఖాతాదారు కాదు. కార్డు ఇంకొకరికి ఇవ్వకూడదు, పిన్ చెప్పకూడదు అన్నది నిబంధన, కాబట్టి ఆ సొమ్ముకి మా బాధ్యత లేదంది బ్యాంకు. చంటిపిల్లతో కదల్లేక పంపానని ఆవిడ వినియోగదారుల ఫోరానికి వెళ్ళింది. 2018లో ఫోరం బ్యాంకు పక్షానే తీర్పు చెప్పింది. చెక్కో, అధికార పత్రమో రాసి పంపవలసింది అన్నారు. నాకు ఆ తీర్పు చదివినప్పుడు కోపం వచ్చింది, ఇప్పటికీ పూర్తిగా పోలేదు. బాలింతరాలు బ్యాంకుకి నడవాలా? కాని ఆ నిబంధన వెనక ఉన్న ఊహ మాత్రం చిత్రమైనది. బ్యాంకు దృష్టిలో భార్య ఒక పూర్తి మనిషి. భర్త ఆవిడకి పొడిగింపు కాదు. మన ఇళ్ళు ఇంకా ఒప్పుకోని మాటని ఒక గోడలోని పెట్టె ఒప్పుకుంది.

రెండో వైపు కూడా చూడకపోతే అన్యాయం. హూస్టన్‌లో కూతురు ఏడిచింది నాటకం కాదు. తనకి పెట్టడం సంతోషం. నాకు ఎవ్వరి సొమ్మూ అక్కర్లేదు, నా కార్డు నాకుంది అని కాఫీకి కూడా డబ్బు ముందు తీసిపెట్టే తల్లులూ ఉంటారు. అది స్వాతంత్ర్యం కాదు, అహం. పైగా ఇచ్చేవాళ్ళని ఇవ్వనివ్వకపోవడం కూడా ఒక లోభమే. అల్లుడు ప్రేమతో చీర కొనిస్తే, దాని ఖరీదుని ఎనభై పెట్టి, తొంభై పెట్టి రూపాయల్లోకి గుణించి, ముఖం ముడుచుకునేవాళ్ళని చూస్తే జాలేస్తుంది. పుచ్చుకోవడం కూడా నేర్చుకోవలసిన విద్యే. నా వాదమల్లా, సొంత డబ్బు ఉన్నవాళ్ళు మాత్రమే ఆ విద్య హాయిగా నేర్చుకోగలరని. గత్యంతరం లేక పుచ్చుకునేదాన్ని పుచ్చుకోవడం అనరు.

ఇది ముసలి తల్లుల గొడవే అనుకోకండి. హైదరాబాదులో ఉద్యోగం మానుకుని హెచ్-4 వీసా మీద భర్త వెంట వెళ్ళిన అమ్మాయిలు ఎందరో. ఆ వీసా మీద ఉద్యోగం చెయ్యనివ్వరు. 2015 మే నుంచి కొందరికి మాత్రం, భర్త గ్రీన్‌కార్డు దరఖాస్తు ఒక దశ దాటాక, పని అనుమతి దొరుకుతోంది. అందాకా ఆయన ఖాతాకి అనుబంధంగా ఇచ్చిన కార్డే ఆధారం. దుకాణంలో కార్డు గీకగానే ఆయన ఆఫీసులో ఆయన ఫోను మోగుతుంది. మంచివాడైతే పట్టించుకోడు. కాకపోతే సాయంత్రం ప్రశ్నలుంటాయి. ఏ అర్ధరాత్రో ఇల్లు వదిలి బయటికి రావలసిన అవసరం పడితే? ఆ అమ్మాయి పేరుమీద హైదరాబాదులో తన పాత జీతం ఖాతా ఉంటుంది, అందులో నాలుగు డబ్బులూ ఉంటాయి. దాని కార్డు గడువు తీరి ఏ సొరుగులోనో పడుంటుంది. ఆడపిల్లని విమానం ఎక్కించే తల్లులు పసుపు కొమ్ములతోపాటు ఆ కార్డు గడువు కూడా చూసి పంపితే బాగుండును. విదేశీ వాడకం తెరిచి, రోమింగు వేయించి పంపితే ఇంకా బాగు.

చిన్నమ్మ వెళ్ళింది. కాన్పు సుఖంగా అయింది, ఆడపిల్ల. పురుడు వెళ్ళాక ఒక ఆదివారం గుడికి బయల్దేరుతూ దారిలో కారాపమంది. కూతురు పక్కన నిలబడింది గాని, అంకెలు నొక్కేటప్పుడు తానే అటు తిరిగిందట. నాకు అది విని ఆ పిల్లమీద చాలా ఇష్టం కలిగింది.

అక్కడి యంత్రాలు చాలావరకు ఇరవై డాలర్ల నోట్లే ఇస్తాయి. నూట పదహార్లు మన లెక్క, వాటికేం తెలుసు! నూట నలభై నొక్కింది. మీ రూపాయల్లోనే లెక్క కట్టమంటారా, డాలర్లలోనా అని కొన్ని యంత్రాలు మర్యాదగా అడుగుతాయి. ఆ మర్యాదకి లొంగకూడదు. రూపాయల్లో అంటే వాళ్ళకి తోచిన ధర కడతారు, మనకే నష్టం. ఏ దేశంలో ఉంటే ఆ దేశపు డబ్బులోనే అనాలి. ఇది ముందే నేర్పి పంపాను. అయినా ఆ యంత్రం వాళ్ళ రుసుము ఒకటి, మన బ్యాంకు రుసుము ఒకటి, మారకం మీద నూటికి మూడో మూడున్నరో మార్కప్, దానిమీద పన్ను. బ్యాంకు బ్యాంకుకీ తేడా ఉంటుంది గాని, చిన్న చిన్న మొత్తాలు మాటిమాటికీ తీస్తే రుసుములే మింగేస్తాయి. ఒకేసారి తీసుకోవడం మేలు.

"అమ్మా, ఏడెనిమిది వందలు ఊరికే పోయినయి, నన్నడిగితే పోయేది గాదా" అందట కూతురు లెక్క చూసి.

"పోనీ. నా పైసలు పోయినయని ఇన్నేండ్లల్ల ఒక్కపారన్న అనుకున్ననా? అసలుంటే గద పోయేది" అందట చిన్నమ్మ.

గుళ్ళో నోట్లు విడిపించుకుని నూట పదహారు హుండీలో వేసింది. అల్లుడు తన తరఫున వేరే వేశాడట, ఆవిడ వద్దనలేదు. మిగిలిన ఇరవై నాలుగులో పదిహేడు పెట్టి చంటిదానికి గౌను కొంది. ఆరు నెలలయ్యాక ఏడు డాలర్లతో ఇంటికి వచ్చింది. విదేశంనుంచి వచ్చినవాళ్ళు 2,000 డాలర్లదాకా నోట్లు ఇంట్లో ఉంచుకోవచ్చునని చట్టం చెబుతుంది, కాబట్టి ఆవిడ ఏ నేరమూ చెయ్యలేదు. ఐదు నోటొకటి, ఒకట్లు రెండు, పోపులపెట్టె కింద మడతపెట్టి ఉన్నాయి. ఎందుకమ్మా దాచావు, మార్పించి తెస్తాను ఇవ్వమని కొడుకు రెండుసార్లు అడిగాడట. ఆవిడ కారణం చెప్పలేదు, నోట్లూ ఇవ్వలేదు. మొన్న సంక్రాంతికి వెళ్ళినప్పుడు చూశాను, అక్కడే ఉన్నాయి.